తెల్ల వరస

ఊరికే పని చేసేవాళ్ళని నేను నమ్మను. జీతం తీసుకుని పని ఎగ్గొట్టేవాళ్ళు నాకు అర్థమవుతారు. జీతం లేకుండా, పొద్దున్నే ఆరింటికల్లా బకెట్టు పట్టుకుని శ్మశానానికి వచ్చేవాళ్ళే అర్థం కారు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? లోపల పడుకున్నవాళ్ళెవరూ మాకు నాచు పట్టింది, వచ్చి కడగండని కబురు పెట్టలేదు కదా.

ఆ వేసవి మొదటి ఆదివారం తొమ్మిదిమంది వచ్చారు. మా ఇల్లు శ్మశానం గేటుని ఆనుకునే ఉండేది. రెండు గదులు, వంటిల్లు, డాబా మీదికి మెట్లు, ఆ మెట్ల కింద ఒక చీకటి గూడు. మా నాన్న ఆ శ్మశానానికి కాపలాదారు. నలభై ఒక్క ఏళ్ళ నుంచీ ఆయనే. ఉద్యోగం వయసు ఎప్పుడో దాటిపోయినా, ఆ చోటికి రావడానికి ఇంకెవరూ ఇష్టపడక మునిసిపల్ ఆఫీసువాళ్ళు ఆయన్నే ఉంచేశారు. ఆ ఉద్యోగం ఉన్నన్నాళ్ళే మాకా ఇల్లు. ఎవరైనా ఆయన మీద ఒక్క కాగితం రాసి పెడితే చాలు, మేం సామాను సర్దుకోవాల్సిందే. అది తెలుసు కాబట్టే నా కుట్టుమిషను గేటు కనిపించే కిటికీ దగ్గర వేసుకున్నాను. ఒక కన్ను బట్ట మీద, ఒక కన్ను గేటు మీద.

వచ్చినవాళ్ళకి పెద్ద ఒక రిటైరైన టీచరు. కళ్ళద్దాలు తాడుకి కట్టి మెడలో వేసుకునేది కాబట్టి ఆవిడకి కళ్ళద్దాలావిడ అని పేరు పెట్టాను. ఆవిడ పక్కన చేతిలో కొలతల టేపుతో ఒక పెద్దమనిషి, ఒకప్పుడు సర్వేయరుట. ఆయన టేపాయన. మిగిలినవాళ్ళకి పేర్లు పెట్టే శ్రమ తీసుకోలేదు.

"ఆఫీసు అనుమతి ఉందమ్మా," అంటూ కళ్ళద్దాలావిడ కాగితం చూపించింది. "పాత సమాధులు శుభ్రం చేసి పేర్లు రాసుకుంటాం. ముఖ్యంగా సైనికుల వరస. వానలు పడేలోగా వాళ్ళ పేర్లన్నీ ఒక పలక మీద చెక్కించి ఈ గేటు దగ్గర నిలబెట్టాలని మా ఆశ."

"దానివల్ల మీకేం వస్తుంది?"

ఆవిడ నవ్వింది. "ఏమీ రాదు."

సరిగ్గా అదే నాకు నచ్చలేదు. ఆ సాయంత్రం మా ఆయనతో అన్నాను. ఆయన టౌను బస్సు డ్రైవరు. రోజంతా హారన్ల మధ్య బతికే మనిషి కాబట్టి ఇంట్లో ఏం విన్నా సగమే వింటాడు.

"నీకు నీ నీడ మీద కూడా అనుమానమే," అన్నాడు.

"ఆ టేపాయన సమాధులు కొలుచుకుంటే సరే, మన గోడ ఎందుకు కొలిచాడు?"

"గోడ అడ్డొచ్చిందేమో."

"గోడలు అడ్డు రావు. మనుషులే వస్తారు."

మా నాన్న కుర్చీలో కూర్చుని వింటున్నాడు. ఆయన అనుమానం వేరు. "పని తెలిసినవాళ్ళు కారే అమ్మాయ్," అన్నాడు. "ఒక్కళ్ళ దగ్గరా గట్టి బ్రష్షు లేదు. జుట్టు దువ్వుకునేవాటితో రాళ్ళు తోముతారట!"

రాళ్ళు తోమడంలో మా నాన్నని మించినవాడు లేడు. సైనికుల వరస ఆయన ప్రాణం. ఎప్పుడో మా ముత్తాతల కాలంలో ఈ ఊరి నుంచి యుద్ధానికి వెళ్ళి, పెట్టెల్లో తిరిగొచ్చిన ఇరవై ముగ్గురు. అందరికీ ఒకే కొలత పాలరాయి. మిగిలిన శ్మశానమంతా నల్లబడి, నాచు పట్టి, తీగలల్లుకుని ఉంటే, ఆ వరస ఒక్కటే గేటు దగ్గర నుంచి చూసినా తెల్లగా మెరిసిపోయేది. ఆఫీసు నుంచి ఎవరొచ్చినా నాన్న ముందు అక్కడికే తీసుకెళ్ళేవాడు.

రెండో ఆదివారం ఆ తొమ్మిదిమందీ ఆ వరస ముందు నిలబడి ఉండిపోయారు. ఎవరూ బకెట్టు దించలేదు. నేను కుట్టే జాకెట్టు వదిలేసి కిటికీకి అతుక్కున్నాను. టేపాయన ఒక చిన్న అద్దం తీసి ఎండని రాళ్ళ మీద పక్కగా పడేట్టు తిప్పుతున్నాడు. ఒక రాయి, రెండో రాయి, మూడో రాయి. తల అడ్డంగా ఊపి పుస్తకంలో ఏదో రాసుకున్నాడు.

కళ్ళద్దాలావిడ మా గుమ్మంలోకి వచ్చింది. "అమ్మా, ఆ రాళ్ళ మీద అక్షరాలుండాలి కదా?"

"ఉండేవేమో."

"ఇప్పుడు ఒక్కటీ లేదు. ఇరవై మూడింటి మీదా లేదు. పక్కనే బట్టల వ్యాపారి సమాధి అంతకన్నా పాతది, నాచు గీకితే చుక్కతో సహా కనిపిస్తోంది. వీటి మీద మాత్రం ఎవరో పనిగట్టుకుని చెరిపినట్టుంది."

"ఎవరు చెరుపుతారండీ? వానలకి పోయుంటాయి."

"వాన ఇరవై ముగ్గురి మీదే పడుతుందా?" అని వెనక నుంచి టేపాయన అన్నాడు. మామూలుగానే అన్నాడు, కానీ చూపు మా మెట్ల వైపు ఉంది. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం.

ఆయన నీళ్ళు తాగడానికి కొళాయి దగ్గరికి వెళ్ళినప్పుడు గోడ మీద పెట్టిన పుస్తకం తెరిచి చూశాను. తప్పే. చూశాను. పేజీ అడుగున ఇలా ఉంది: "పేర్లు లేకుండా చేసింది ఎవరు? స్థలం కోసమా? కాపలా ఇంట్లోవాళ్ళని అడగాలి."

అడగాలిట! నాకు ఒళ్ళు మండింది. వాళ్ళు స్థలం కోసం వచ్చారని నేననుకుంటుంటే, చచ్చినవాళ్ళ పేర్లు మేమే స్థలం కోసం చెరిపామని వాళ్ళ అనుమానం. ఇక ఇంట్లో కూర్చుంటే లాభం లేదనిపించింది. మూడో ఆదివారం చీర చెంగు బిగించి నేనూ వెళ్ళాను.

"నేనూ చేస్తానండీ. నాకూ నేర్పండి," అన్నాను కళ్ళద్దాలావిడతో. లోపల అనుకున్నది వేరు. పక్కనే ఉంటే ఏం మాట్లాడుకుంటున్నారో తెలుస్తుంది.

ఆవిడ నిజంగానే సంతోషపడింది. నాకు కాస్త సిగ్గేసింది, కాసేపే. మెత్తటి బ్రష్షు ఇచ్చింది. నీళ్ళతో తడపాలి, కింద నుంచి పైకి తోమాలి, మళ్ళీ తడపాలి. సబ్బు కూడా వద్దంది.

"ఇంత మెత్తగా తోమితే ఎప్పటికి పోతుందండీ మురికి? కాస్త ఆసిడ్ పోస్తే..."

"అమ్మో! ఆ మాట అనకు." ఆవిడ సంచీలోంచి గుప్పెడంత పాలరాయి ముక్క తీసింది. "ఇంకో శ్మశానంలో దొరికింది. వేలు పెట్టి రుద్ది చూడు."

రుద్దాను. వేలికి పంచదార పలుకుల్లాంటి పొడి అంటుకుంది.

"రాయికి పైన గట్టి పొర ఉంటుంది. ఆసిడ్ దాన్ని తినేస్తుంది. పోసిన ప్రతిసారీ తెల్లబడుతుంది, ప్రతిసారీ కాస్త అరుగుతుంది. చూడ్డానికి శుభ్రంగానే ఉంటుంది. అక్షరాలే ఉండవు."

నేను లేచి సైనికుల వరస దగ్గరికి వెళ్ళాను. మొదటి రాయి మీద వేలు పెట్టి రుద్దాను. తెల్లటి పొడి. రెండోదీ అంతే. మూడో దాని దగ్గరికి వెళ్ళలేదు.

నాన్న ఆ రాళ్ళు కడగడం గుర్తొచ్చింది. నాకప్పుడు ఎనిమిదేళ్ళుంటాయి. నాన్న ముక్కుకి తువ్వాలు కట్టుకుని నీలం డబ్బా వంచుతున్నాడు. రాయి మీద తెల్లటి నురగ బుసబుసమంటోంది. నేను దూరంగా డబ్బా మూత పట్టుకుని నిలబడ్డాను. "చూశావా అమ్మాయ్, మురికి ఎలా కక్కుతోందో!" అని నాన్న నవ్వుతున్నాడు. ఏడాదికి రెండుసార్లు. బాత్రూములు కడిగే ఆసిడ్ ఆఫీసువాళ్ళే ఇచ్చేవాళ్ళు, శ్మశానం మొత్తానికి నాలుగు డబ్బాలు. మా నాన్న అంతటికీ పంచలేదు. వాళ్ళు దేశం కోసం పోయినవాళ్ళు కదా అని నాలుగూ ఆ వరసకే పోశాడు. బట్టల వ్యాపారిని ఏనాడూ పట్టించుకోలేదు. అందుకే బట్టల వ్యాపారి మిగిలాడు.

నాకు భయం వేసింది. నాన్న మీద జాలి తర్వాత వచ్చింది, ముందొచ్చింది ఇల్లు పోతుందన్న భయమే. ఒప్పుకుంటున్నాను.

మర్నాడు మధ్యాహ్నం, నాన్న భోజనం చేసి పెరటి కిటికీ పక్క మంచం మీద నడుం వాల్చాక, మెట్ల కింద గూట్లోంచి నాలుగు నీలం డబ్బాలూ లాగాను. మూడు నిండుగా ఉన్నాయి, ఒకటి సగం. డ్యూటీకి బయల్దేరుతున్న మా ఆయన చేతిలో గోనెసంచి పెట్టాను.

"డిపోలో ఎక్కడైనా పడేసి రండి. ఎవరికీ చెప్పకండి."

"ఏముందిందులో? శవమా?" అన్నాడు. నా మొహం చూసి ఇంకేం అడగలేదు. సంచీ భుజాన వేసుకుని పెరటి దారిన వెళ్ళాడు.

రెండు రోజుల తర్వాత నాన్న మెట్ల కింద నుంచి వంగిన నడుముతోనే బయటికొచ్చాడు. "అమ్మాయ్, డబ్బాలేవీ? పలక పెట్టేలోగా వరస ఒకసారి కడిగేద్దామనుకున్నా."

"ఏ డబ్బాలు?"

"నీలంవి."

"నాకేం తెలుసు నాన్నా. ఆదివారం వచ్చిందంటే లోపలికి ఎంతమంది వస్తున్నారో చూస్తున్నావుగా. ఎవరు పట్టుకుపోయారో."

నాన్న నా వైపు చూశాడు. మిషను మీద దారం తెగింది. తల వంచి సూదిలోకి దారం ఎక్కించుకుంటూ కూర్చున్నాను.

"అంతేలే," అన్నాడు.

ఆ ఆదివారం ఆయన ఖాకీ కోటు తొడుక్కున్నాడు. ఆఫీసు నుంచి పెద్దవాళ్ళు వస్తే తప్ప ఆ కోటు పెట్టెలోంచి తియ్యడు. ఇంత ఎండలో ఇదేం వేషం నాన్నా అంటూ వెంటపడ్డాను. వినిపించుకోకుండా నేరుగా ఆ తొమ్మిదిమంది దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"నా ఆసిడ్ డబ్బాలు ఎవరు తీశారు?"

గట్టిగా అడిగాడు. శ్మశానంలో ఆయన గొంతు అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు. బ్రష్షులన్నీ ఆగిపోయాయి.

"నాన్నా, పద ఇంటికి," అని చెయ్యి పట్టుకున్నాను. విదిలించేశాడు.

"ఏం డబ్బాలండీ పెద్దాయనా?" అంది కళ్ళద్దాలావిడ, చాలా నెమ్మదిగా.

"ఈ వరస కడిగే డబ్బాలు! నలభై ఏళ్ళుగా నేనే కడుగుతున్నా. ఏడాదికి రెండుసార్లు, నాలుగేసి డబ్బాలు. ఇంకెవరూ చెయ్యి పెట్టలేదు. నా కూతురికి తెలియదు, అల్లుడికి తెలియదు. పోసిందీ నేనే, ఇనప బ్రష్షుతో తోమిందీ నేనే. రాసుకోండి!"

టేపాయన చేతిలో పుస్తకం తెరిచే ఉంది. ఆయన రాయలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నవాణ్ణి విన్నాం కానీ, ఎవరూ పేరు ఎత్తకుండానే నడివీధిలో నిలబడి కాయ ఎత్తి చూపించేవాణ్ణి ఎక్కడా చూడలేదు. నేను పడ్డ పాట్లన్నీ మట్టిలో కలిశాయి. ఆ క్షణంలో నాన్న మీద నాకు వచ్చినంత కోపం ఎప్పుడూ రాలేదు.

ఆయన ఇంటికొచ్చి కోటు విప్పి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ వారమంతా గేటు తియ్యడానికి కూడా లేవలేదు. గేటు నేనే తీశాను, నేనే వేశాను.

శనివారం పొద్దున టేపాయన ఒక్కడే వచ్చాడు. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"ఆయన పడుకున్నారు. మీరు తెలుసుకోవాల్సింది తెలుసుకున్నారుగా, ఇంకా ఏం కావాలి?"

"ఆయన్ని చూసి ఒకమాట చెప్పి పోదామని. ఆఫీసులో పాత పుస్తకం చెద తినేసింది. ఎక్కడా పేర్లు దొరకలేదు. పలక మీద 'ఇరవై ముగ్గురు సైనికులు' అని మాత్రం చెక్కిస్తాం. ఇంక చేసేదేం లేదు."

"సరే, చెప్పేశారుగా."

లోపల నుంచి నాన్న గొంతు వినిపించింది. ఒక పేరు చెప్పాడు. ఆ పేరు నేనెప్పుడూ వినలేదు. "తాళాలు బాగుచేసేవాడు. ఇరవై ఆరేళ్ళు," అన్నాడు.

టేపాయన నన్ను దాటుకుని లోపలికి వెళ్ళిపోయాడు. "ఎవరండీ?"

"మొదటాయన." నాన్న లేచి కూర్చున్నాడు. "అన్నీ ఉండేవి. పేరు, యుద్ధానికి పోకముందు చేసే పని, వయసు. రోజూ పొద్దున్నే గేటు తీశాక పేరుపేరునా పలకరించి కదా మొదలెట్టేవాణ్ణి."

"రెండో ఆయన?"

నాన్న నోరు తెరిచాడు. రాలేదు. చెయ్యి దుప్పటి మీద అటూ ఇటూ కదిలింది. "ఇక్కడ రాదు," అన్నాడు. "బ్రష్షు ఇవ్వండి. అక్కడికి పదండి."

వెళ్ళాం. నాన్న రెండో రాయి ముందు గొంతు కూర్చుని, పొడి బ్రష్షుతో రాయిని తాకకుండా గాల్లోనే తోమాడు. పేరు వచ్చింది. బడి పంతులు, ముప్ఫై. మూడో రాయి. వంటవాడు, పంతొమ్మిది. నాలుగూ అయిదూ అన్నదమ్ములు, ఇద్దరూ వడ్రంగులే. రాళ్ళ వెంట ఆయన, ఆయన వెంట టేపాయన. నేను నీళ్ళ చెంబు పట్టుకుని వెనకాల.

పదకొండో రాయి దగ్గర టేపాయన ఆగాడు. "పెద్దాయనా, ఏమీ అనుకోకండి. మీరు చెబుతున్నారు, నేను రాస్తున్నాను. నిజమో కల్పనో ఎలా తెలియాలి? రాయి మీద చెక్కేశాక మార్చలేం."

నేను నోరు చేసుకోబోయాను. నాన్న చెయ్యెత్తి ఆపాడు.

"పద్నాలుగోది బాగా కుంగిపోయింది. నేనొచ్చిన కొత్తలోనే వానకి కూరుకుంది. వయసు చెక్కిన ఆఖరి పంక్తి మట్టిలో ఉంది. మట్టి కింద నేను పొయ్యలేదు. రొట్టెలు కాల్చేవాడు, ఇరవై ఒకటి. తవ్వుకోండి."

టేపాయన చేత్తోనే తవ్వాడు. జానెడు తవ్వాక చెంబులో నీళ్ళు పొయ్యమన్నాడు. పోశాను. మట్టి జారిపోయి, నిన్న చెక్కినట్టు, రెండు అంకెలు బయటపడ్డాయి. రెండూ, ఒకటీ. ఆయన వాటిని చూసి, ఇంకేం అడగకుండా పెన్ను తీశాడు.

ఇరవై రెండు పేర్లు వచ్చాయి. ఆఖరి రాయి దగ్గర నాన్న చాలాసేపు కూర్చున్నాడు. బ్రష్షు ఎంత తిప్పినా రాలేదు.

"ఇది మొదటే పోయింది," అన్నాడు. "కొత్తలో ఆసిడ్ పోసి చూసింది దీని మీదే. తర్వాత మిగతావీ మసకబారడం మొదలెట్టాయి. మురికి పట్టి కనిపించడం లేదనుకున్నా. అందుకే ఇంకా గట్టిగా తోమాను."

టేపాయన పుస్తకం మూశాడు. నేను గేటు వైపు తిరిగి నిలబడ్డాను, ఎవరో వస్తున్నట్టు.

వెళ్ళేముందు ఆయన పుస్తకం నేను అడగకుండానే నాకు చూపించాడు. రెండే వాక్యాలు. "అక్షరాలు పోవడానికి కారణం కాపలాదారు ఆసిడ్‌తో కడగడం. ఇరవై రెండు పేర్లు తిరిగి దొరకడానికి కారణం కూడా ఆయనే."

"మొదటిది తీసెయ్యొచ్చుగా," అన్నాను. బతిమాలాను అనడమే నిజం.

"తీసేస్తే రెండోది కూడా ఎవరూ నమ్మరమ్మా," అన్నాడు.

ఆయన రాసింది ఆఫీసుకి చేరింది. ఆఫీసువాళ్ళు మొదటి వాక్యం దగ్గరే చదవడం ఆపేశారు. మూడు వారాల్లో కాగితం వచ్చింది. కొత్త కాపలాదారుని వేస్తున్నారు, వానాకాలం మొదలయ్యేలోగా ఇల్లు ఖాళీ చెయ్యాలి. కళ్ళద్దాలావిడ ఆఫీసు చుట్టూ తిరిగింది, అర్జీ పెట్టింది, పెద్దవాళ్ళతో గొడవ పడింది. ఏమీ కాలేదు. బస్సు డిపో వెనక ఒకటిన్నర గది అద్దెకి దొరికింది. కిటికీ లేదు. నా అనుమానమే నిజమైంది, ఇల్లు పోయింది. చెప్పానా లేదా అని మా ఆయన మీద అరుద్దామనుకున్నాను కానీ, ఎందుకో ఓపిక లేకపోయింది.

పలక నిలబెట్టిన రోజు సామాను సగం కట్టేసి ఉంది. ఊళ్ళోవాళ్ళు వచ్చారు, ఇరవై రెండు పేర్లూ ఒక్కొక్కటే చదివారు. పేరు, పని, వయసు. ఆఖర్న ఒక వరస ఖాళీగా వదిలారు. నాన్న ఖాకీ కోటు వేసుకోలేదు. జనం వెనకాల, మామూలు చొక్కాలో నిలబడ్డాడు.

అందరూ వెళ్ళిపోయాక ఆయన మెత్తటి బ్రష్షూ నీళ్ళ బకెట్టూ తీసుకుని ఇరవై మూడో రాయి దగ్గరికి నడిచాడు. నేనూ వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఇంకో రెండు రోజుల్లో ఈ గేటు మాది కాదు. చెప్పాల్సింది అక్కడే చెప్పాలనిపించింది.

"నాన్నా, ఆ డబ్బాలు వాళ్ళెవరూ తియ్యలేదు. నేనే మాయం చేశాను."

"తెలుసు," అన్నాడు. "అల్లుడు గోనెసంచిలో వేసుకుని పోతుంటే చూశా. పడుకున్నాననుకున్నారు మీరు."

ఊళ్ళో అందర్నీ అనుమానించాను. ఆయన నిద్రని అనుమానించలేదు.

"ముందురోజే ఆ టీచరమ్మ నీకేదో చూపించింది. నువ్వొచ్చి ఆ రాళ్ళని రుద్దావు. మర్నాడు డబ్బాలు పోయాయి. నువ్వు దాచేదాకా నాకు తెలియదే అమ్మాయ్, వాటివల్లే పోయాయని. నువ్వు దాచావు కాబట్టి తెలిసింది. నీ నోటితో చెబుతావేమోనని అడిగి చూశా."

"తెలిసీ వాళ్ళ మీద ఎందుకు అరిచావు? ఊరుకునుంటే ఇల్లయినా మిగిలేది."

నాన్న బ్రష్షుని బకెట్లో ముంచి తీశాడు. కింద నుంచి పైకి, మెత్తగా, ఆవిడ నాకు నేర్పినట్టే తోమాడు.

"వాళ్ళ ముందుకెళ్ళి నేనే చేశానని ఎలా చెప్పాలా అని ఆ ఆదివారం దాకా మాట కూడగట్టుకుని చూశా. నోరు పెగల్లేదు," అన్నాడు. "పోట్లాటకైతే పెగులుతుంది కదా. మరెలా చెప్పమంటావు?"

నేను రెండో బ్రష్షు తీసుకుని రాయికి అవతలి పక్క కూర్చున్నాను.